ఎడమ చెయ్యి తాకని ఈటె

ఊరి బయట మురుగు కాలువ తవ్వుతుంటే తుప్పు పట్టిన ఇనుపముక్క ఒకటి బయటపడింది. తవ్విన కూలీలు అది పాత నాగలి కర్రు అన్నారు. కాలువ చూడటానికి కార్లలో వచ్చిన పెద్దమనుషులు అది ఈటె మొన అన్నారు. నాగలి కర్రుకు సన్మానసభ పెట్టటం బాగుండదు గనక అది ఈటె మొనే అయింది.

ఆ ఏడే ప్రాచీన ఆయుధ విద్యల పరిషత్తు పుట్టింది. యువతలో పౌరుషం అడుగంటిపోయిందనీ, చేతికి ఈటె ఇస్తే అది మళ్లీ ఊరుతుందనీ పరిషత్తువారి నమ్మకం. దానికి ప్రభల విశ్వపతిరావు గారిని అధ్యక్షుల్ని చేశారు. ఆయన సహకార శాఖలో పెద్ద ఉద్యోగం చేసి విరమించుకున్న మనిషి. జన్మలో గొడుగుకన్నా బరువైన ఆయుధం ఎత్తి ఎరగరు. ఆ గొడుగైనా అటెండరు పట్టేవాడు.

ఖాళీగా పడి ఉన్న పొగాకు గోడౌనుకు సున్నం కొట్టించి శిక్షణ కేంద్రం అన్నారు. అందులో నేర్చుకుని పరీక్షలో నెగ్గినవాళ్లని బాలికల గురుకుల పాఠశాలల్లో ఈటె శిక్షకులుగా వేస్తారని ప్రకటన వచ్చింది. పర్మనెంటు ఉద్యోగం, ఉండటానికి బడి ఆవరణలోనే గది.

ఆ గది మాట వినే వెంగమాంబ దరఖాస్తు పెట్టింది.

వెంగమాంబ, వాళ్లమ్మ కోటమ్మ పొగాకు గ్రేడింగు షెడ్డులో ఆకు ఏరేవాళ్లు. సీజను ఉన్నన్నాళ్లే పని. ఆ దుమ్ము కోటమ్మ ఛాతీలో చేరి దగ్గుగా మారింది. ఈమధ్య ఆ దగ్గు మాటకీ మాటకీ నడుమ కూడా చోటివ్వటం లేదు. ఆమెను ఆ షెడ్డులోంచి బయటికి లాగాలంటే వెంగమాంబకు షెడ్డు కాని పని దొరకాలి. అందుకే అంతకుముందు చీపురు తప్ప పొడుగు కర్ర పట్టని పిల్ల ఈటె పట్టింది.

పట్టటంలోనే వచ్చింది చిక్కంతా. వెంగమాంబది ఎడంచేతి వాటం. అన్నం ఒక్కటే కుడిచేత్తో తినేది. మిగతా లోకమంతా ఆమెకు ఎడంచేతి మీదుగానే వచ్చింది. చిన్నప్పుడు పలక మీద ఎడంచేత్తో రాస్తోందని పంతులుగారు ఆమె జడ రిబ్బను విప్పించి, ఆ చేతిని వీపు వెనక నడుముకు కట్టించేవారు. కొట్లో చిల్లర ఎడంచేత్తో ఇస్తే శెట్టిగారు తీసుకునేవాడు కాదు. "చెయ్యి మార్చమ్మాయ్" అని ఎటో చూస్తూ నిలబడేవాడు. ఆమె మార్చేదాకా బెల్లమూ లేదు, చింతపండూ లేదు. ఇన్నేళ్లూ వెంగమాంబ ఎవరితోనూ వాదించలేదు. మనుషులు ఎప్పుడు ఏ చెయ్యి చాస్తారో చూస్తూ పెరిగింది.

శిక్షకుడు కర్రి గోవిందు మాస్టారు. ఆయన విద్య నిజమైనదే. "కర్ర చివర్న ఒక చెయ్యి, మధ్యన ఒక చెయ్యి. మధ్య చెయ్యి వదులుగా ఉండాల. గొట్టంలో కర్ర జారినట్టు ఈటె దాంట్లోంచి జారాల. తోసేది చివర చెయ్యి. ముందు చెయ్యి దారి చూపిస్తది, వెనక చెయ్యి పని చేస్తది. అంతే, ఇంకేం లేదు ఇందులో" అని మొదటిరోజే చెప్పేశాడు. కుడిచేతి వాటం వాళ్లకు బలమైన కుడి చెయ్యి వెనక, ఎడమ చెయ్యి ముందు. ఎడంచేతి వాటమైతే తిరగేసుకోవాలి. ఆ మాట కూడా ఆయనకు తెలుసు.

"నేను తిరగేసి పట్టుకుంటా మాస్టారూ" అంది వెంగమాంబ.

"వరసలో అందరూ ఒకమాదిరిగా కనపడాలమ్మాయ్. ఫొటోలు తీస్తారు" అన్నాడు గోవిందు మాస్టారు. విద్యతోపాటు ఆయనకు రెండేళ్లలో రిటైర్మెంటు కూడా ఉంది.

దాంతో వెంగమాంబ ఎడమ చెయ్యి ముందుకీ, కుడి చెయ్యి వెనక్కీ పెట్టి పొడిచేది. ఈటె ఎదురుగా గురికి నిలబెట్టిన గడ్డిబొమ్మ చంకలోంచి దూరి గోడకు తగిలేది. "బొమ్మకు కితకితలు పెడతన్నావటే" అని పక్కనున్న రమీజా పడీపడీ నవ్వేది. రమీజా పోటు గడ్డిబొమ్మ గుండెలో దిగేది. క్లాసులో అందరికంటే ముందు రమీజా, అందరికంటే వెనక వెంగమాంబ. అలాగే సాగితే కోటమ్మ షెడ్డులోనే ఉండేది, ఈ కథ ఇక్కడే ఆగేది. విశ్వపతిరావు గారు తనిఖీకి రాబట్టి ఆగలేదు.

అధ్యక్షులు గుమ్మంలోకి రాగానే గోవిందు మాస్టారు కేక వేశాడు. అభ్యర్థులంతా ఎడమ కాలు ముందుకేసి, ఎడమ చెయ్యి ముందుంచి, ఈటెలు ఆయన వైపు చాచారు. మొనలు మెరిశాయి. విశ్వపతిరావు గారు మొనల్ని చూడలేదు. చేతుల్ని చూశారు. ముఖం ఎర్రబడింది.

"ఏమిటిది? నాకు ఎడమ చెయ్యి చూపిస్తారా?"

"పట్టు అట్టాగే ఉంటదండీ. వెనక చెయ్యి..."

"గోవిందు గారూ, మన సంప్రదాయంలో అక్షింతలు వేసినా, తాంబూలం ఇచ్చినా, ఆఖరికి శత్రువుకు జాబు పంపినా కుడి చేత్తోనే. పోటు మాత్రం ఎడమ చెయ్యి ముందుపెట్టి పొడుస్తారా? శత్రువు ఏమనుకుంటాడు?"

శత్రువు ఏమనుకుంటాడో గోవిందు మాస్టారు ఎన్నడూ ఆలోచించలేదు. "అవునండి" అన్నాడు.

మర్నాడే గోడ మీద సర్క్యులర్ వెలిసింది. 'ఈటె ధారణ సమయమున వామహస్తము దక్షిణహస్తమునకు ముందుండుట మర్యాదాభంగకరము గావున, ఇకమీదట దక్షిణహస్తమే ముందుండవలెను. ఇందులకు భిన్నముగా పొడిచిన పోటు పోటుగా పరిగణింపబడదు.'

ఆ రోజు గోడౌనులో చూడాల్సిందే. చేతులు తిరగేసేసరికి కుడిచేతి వాటం వాళ్లందరికీ తోసే చెయ్యి ఎడమ చెయ్యి అయిపోయింది. ఒకమ్మాయి ఈటె సున్నం గోడను గీరింది. ఇంకొకమ్మాయిది పక్కదాని ఓణీకి చిక్కుకుంది. రమీజా పోటు గడ్డిబొమ్మకు జానెడు దూరంలో ఆగిపోయింది. వెంగమాంబ వంతు వచ్చింది. కుడి చెయ్యి ముందు, వదులుగా. ఎడమ చెయ్యి వెనక, కర్ర చివర. తోసింది. ఈటె గడ్డిబొమ్మ గుండెలో దిగి, వీపులోంచి బయటికొచ్చి ఆగింది. పుట్టిన తర్వాత ఆమె చెయ్యి ఒప్పవటం అదే మొదలు. ఆమె చాలాసేపు ఈటె లాగకుండా అలాగే నిలబడింది.

"ఓసి నీ దుంపతెగ, ఎప్పుడు నేర్చావే?" అంది రమీజా.

"నేర్వలా. వాళ్లే మారారు" అంది వెంగమాంబ.

ఈ సంగతి పరిషత్తుకు చేరింది. పరిషత్తు సంతోషించాల్సింది పోయి అనుమానించింది. సర్క్యులర్‌ను తూచా తప్పకుండా పాటించి నెగ్గే మనిషి ఉండటం ఏ కార్యాలయానికైనా కొత్తే. విచారణకు విశ్వపతిరావు గారు స్వయంగా వచ్చి ఆమెతో నాలుగు పోట్లు పొడిపించారు. చుట్టూ తిరిగి, వంగి, కళ్లద్దాలు తుడుచుకుని చూశారు.

"కుడి చెయ్యి ముందే ఉంది. ఒప్పుకుంటాను. కానీ, ఏవమ్మా, పొడుస్తున్నది ఏ చెయ్యి?"

"వెనకదండీ."

"అంటే?"

"ఎడమదండీ."

"విన్నారా?" అని ఆయన గోవిందు మాస్టారు వైపు తిరిగారు. "కుడి చేతిని గుమ్మంలో కూర్చోబెట్టి, ఎడమ చెయ్యి ఇల్లంతా ఏలుతోంది!"

రెండో సర్క్యులర్ వచ్చింది. 'వామహస్తము ఈటెను తాకవచ్చును గాని బలప్రయోగము చేయరాదు. అది దక్షిణహస్తమునకు తోడుగా మాత్రమే వెళ్లవలెను.' తోడుగా వెళ్లిందో తోసిందో తేల్చటానికి ఒక పద్ధతి కనిపెట్టారు. ఎడమ అరచేతికీ ఈటె కర్రకూ మధ్య లేత తమలపాకు ఒకటి ఉంచుతారు. పొడిచాక ఆకు నలిగితే బలం వాడినట్టు. ఆకులు చూసి తేల్చటానికి పరిషత్తు అటెండరు ఏసోబును తమలపాకు పరిశీలకుడిగా నియమించి ఒక భూతద్దం ఇచ్చారు. ఏసోబు కొన్నాళ్లు శ్రద్ధగానే చూశాడు. నలగని ఆకులు పైజేబులో వేసుకుని, సాయంత్రం సున్నం రాసుకుని నమిలేవాడు. నలిగినవి ఆధారాల కింద పరిషత్తుకు పంపేవాడు. పరిషత్తు గదిలో ఎండుటాకుల సంచులు మనిషెత్తు పేరుకున్నాయి.

ఆకు నలక్కుండా గడ్డిబొమ్మను పొడవటం ఎవరి వల్లా కాలేదు. ఆకు నలక్కుండా ఈటె ఎత్తటమే కష్టమైంది. అప్పుడు మూడో సర్క్యులర్. అసలు ఎడమ చేతికి ఈటెతో పనేమిటి? దాన్ని వెనక నడుము మీద ఉంచుకుంటే మర్యాదకు మర్యాద, ఆకుల ఖర్చూ ఆదా.

"ఒక్క చేత్తో ఇంత పొడుగు కర్ర నిలవదండీ. ముందుకు ఒరిగిపోద్ది" అని గోవిందు మాస్టారు సాహసించాడు. ఆయన ఉద్యోగ జీవితంలో చేసిన సాహసం అదొక్కటే.

"నిలవకపోతే పొట్టి చేయండి" అన్నారు విశ్వపతిరావు గారు.

వడ్రంగి వచ్చాడు. మనిషి తల మీద ఇంకో మూర ఎత్తుండే ఈటెలు భుజం ఎత్తుకు వచ్చాయి. అప్పటికీ మణికట్టు నొప్పి పుడుతోందని ఒకమ్మాయి అనేసరికి నడుము ఎత్తుకు వచ్చాయి. మొన బరువుకు చెయ్యి వణుకుతోందంటే మొనలు పీకి, ఇంకో మూర కోసేశారు. చివరికి మిగిలింది పప్పుగుత్తి కాడ. దాని మీద 'ఈటె' అని పరిషత్తువారు ముద్ర వేయించారు. ముద్ర లేకపోతే వంటింట్లోకి పోయే ప్రమాదం ఉంది.

ఇంకో ఇబ్బంది తేలింది. అభ్యర్థి నిలబడే గీతకూ గడ్డిబొమ్మకూ మధ్య దూరం పాత పొడుగు ఈటెకు తగ్గట్టు గీసింది. కర్ర పొట్టిదయ్యాక గీత దగ్గర నుంచి ఎవరికీ బొమ్మ అందటం లేదు. గీత ముందుకు జరుపుదామంటే అది ప్రాచీన దూరం, జరపకూడదన్నారు. ఎంతో చర్చించి, అభ్యర్థి ముందుకు వెళ్లలేనప్పుడు శత్రువే ముందుకు రావటం న్యాయమని తేల్చారు. కాబట్టి గడ్డిబొమ్మను ఏసోబు కౌగలించుకుని, గీత దగ్గరికి పరుగెత్తుకొచ్చి, అభ్యర్థి పట్టుకున్న కాడకు తగిలించాలి. అభ్యర్థి కదలకూడదు, ఎడమ చెయ్యి నడుము మీద నుంచి తియ్యకూడదు. స్థిరత్వమే ఈటె విద్యకు ప్రాణమని విశ్వపతిరావు గారు ఒక వ్యాసం కూడా రాశారు.

పరీక్షకు ముందు రోజు రమీజా గోడౌను మెట్ల మీద కూర్చుని పప్పుగుత్తి కాడను చూసుకుంటూ, "ఏమే వెంగీ, దీంతో మనం పిల్లలకి ఏం నేర్పిస్తాం?" అంది.

"ముందు నెగ్గనీ. తర్వాత చూద్దాం. మా అమ్మ నిన్న షెడ్డులో కళ్లు తిరిగి పడిపోయింది" అంది వెంగమాంబ.

పరీక్ష రోజు షామియానా వేశారు. పత్రికలవాళ్లు వచ్చారు. వేదిక మీద బంగారు రంగు పూసిన నిలువెత్తు ఈటె ఒకటి పెట్టారు. కోతపడకుండా మిగిలిన ఈటె అదొక్కటే, అదీ ఫొటో కోసం.

ఏసోబు గడ్డిబొమ్మను కావిలించుకున్నాడు. బొమ్మ ఆయనకన్నా వెడల్పు. ముందేముందో కనపడదు. "వస్తన్నానమ్మోయ్, జరగబాకండి!" అని అరుస్తూ వచ్చి మొదటి అమ్మాయిని ఢీకొట్టాడు. ఇద్దరూ బొమ్మతో సహా పడ్డారు. పడేటప్పుడు ఆ అమ్మాయి ఎడమ చెయ్యి నేలకు ఆనించింది. ఫెయిలు. రెండో అమ్మాయి ముఖానికి ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫెయిలు. రమీజా ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడింది గాని, తీరా బొమ్మ మీదికి వచ్చేసరికి ఎడమ చెయ్యి తనంతట తనే ఎగిరొచ్చి ఏసోబు జుట్టు పట్టుకుంది.

"ఫెయిలు" అన్నారు విశ్వపతిరావు గారు.

"జుట్టు వదలమ్మా ముందు" అన్నాడు ఏసోబు.

ఒక్కొక్క చెయ్యీ అలాగే ద్రోహం చేసింది. మనిషి మీదికి ఏదైనా వచ్చిపడుతుంటే రెండు చేతులూ లేస్తాయి. వాటికి సర్క్యులర్లు తెలియవు.

వెంగమాంబ గీత దగ్గర నిలబడింది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టగానే అక్కడ దానికి పాత చోటు దొరికింది. జడ రిబ్బను బిగువు ఇంకా మణికట్టులో ఉన్నట్టే ఉంది. బొమ్మ వచ్చింది. కాడకు తగిలింది. గడ్డి ఆమె ముఖం మీద రాలింది. ఏసోబు పక్కకు దొర్లిపోయాడు. వెంగమాంబ వెనక చెయ్యి ఇంతైనా కదలలేదు. చప్పట్లు మోగాయి. గడ్డిబొమ్మను ఈ చివర నుంచి ఆ చివరకు పొడిచినప్పుడు విచారణ జరిపినవాళ్లే, పప్పుగుత్తి కాడ పట్టుకుని ఊరికే నిలబడ్డందుకు శాలువా కప్పారు. ఆమె తల వంచుకుంది. అది వినయమని పత్రికలు రాశాయి.

నియామక ఉత్తర్వు ఇచ్చే ఘట్టం వచ్చింది. "సార్, ఆ పెద్ద ఈటె పట్టుకోండి సార్, బాగుంటది" అని ఫొటోగ్రాఫరు అడిగాడు. విశ్వపతిరావు గారు బంగారు ఈటెను కుడి చేత్తో, ఒంటి చేత్తో, తమ సర్క్యులర్ ప్రకారమే ఎత్తి నిలబెట్టారు. అది ఒరగబోయింది. పళ్లు బిగించి ఆపుకుంటూ, రెండో చేత్తో ఉత్తర్వు ఆమెకు అందించారు. వెంగమాంబ ఆ చేతిని చూసింది. ఒక్క క్షణం చూసి, రెండు చేతులూ చాచి ఉత్తర్వు తీసుకుంది.

ఫొటో మర్నాడు అన్ని పత్రికల్లోనూ వచ్చింది. మొదట చూసింది అధ్యక్ష పదవి మీద ఎప్పటినుంచో కన్నేసిన ఉపాధ్యక్షులు. అత్యవసర సమావేశం పిలిచారు. అధ్యక్షులవారు ఉత్తర్వును ఎడమ చేత్తో ఇచ్చారా, లేదా? ఫొటో తిరగబడి అచ్చయిందేమో అని ఒకరన్నారు. అలాగైతే వెనక బ్యానరు మీది అక్షరాలు కూడా తిరగబడాలి గదా అని ఇంకొకరన్నారు. విశ్వపతిరావు గారు కుడి చేతికి కట్టు కట్టుకుని కూర్చున్నారు. బంగారు ఈటె ఒంటి చేత్తో పట్టినందుకు మణికట్టు బెణికింది. అధ్యక్షులు తప్పు చేశారనటం పరిషత్తుకే అప్రతిష్ఠ. కాబట్టి తప్పు ఉత్తర్వుది అయింది.

'వామహస్తముతో ఇచ్చినది ఇచ్చినట్లు కాదు' అని తీర్మానించారు. నియామకం రద్దు. ఉత్తర్వు అసలు ప్రతి పరిషత్తుకు తిరిగి చేరిన నాటినుంచి రద్దు అమలులోకి వచ్చును. తెచ్చే పని ఏసోబుకు అప్పజెప్పారు.

ఏసోబు వచ్చేసరికి వెంగమాంబ పంపు దగ్గర బిందె పట్టుకుంటోంది. కోటమ్మ గుమ్మంలో కూర్చుని దగ్గుతోంది. పక్కన మూట కట్టి ఉంది. మర్నాడు గురుకులానికి ప్రయాణం.

"అమ్మాయ్, నేను తెచ్చిన కబురు మంచిది కాదు" అని ఏసోబు అంతా చెప్పాడు. "ఆ కాయితం ఇచ్చేసెయ్. నా చేతుల్లో ఏం లేదు."

కోటమ్మ దగ్గు ఆపుకుంది. మూట వైపు చూసింది. వెంగమాంబ లోపలికి వెళ్లి ఉత్తర్వు తెచ్చింది. ఏసోబు కుడి చెయ్యి చాచాడు. ఆ చేతిని చూడగానే వెంగమాంబకు శెట్టిగారి కొట్టు గుర్తొచ్చింది, ఎటో చూస్తూ నిలబడ్డ శెట్టిగారు గుర్తొచ్చాడు. ఆమె ఉత్తర్వును ఎడమ చేతిలోకి మార్చుకుని అందించింది.

ఏసోబు వేళ్లు గాలిలో ఆగిపోయాయి.

"కుడిచేత్తో ఇయ్యమ్మా."

"నాది ఎడంచేతి వాటం ఏసోబన్నా. నీకు తెలీందా?"

"ఎడంచేత్తో ఇచ్చింది ఇచ్చినట్టు కాదంట. నిన్ననే రాసుకున్నారు. నేను తీసుకుంటే నా ఉద్యోగానికి ఎసరు."

"అట్టయితే తీసుకోబాక."

ఏసోబు ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో నవ్వేం లేదు. చెయ్యి మాత్రం చాచే ఉంది. నవ్వు ఏసోబుకే వచ్చింది. పైజేబులోంచి తమలపాకు తీసి నోట్లో పెట్టుకున్నాడు. "అట్నే చెప్తాలే. ఇచ్చింది గాని, ఇచ్చినట్టు కాలేదని" అని సైకిలెక్కాడు.

తర్వాత గోవిందు మాస్టారు వచ్చాడు. చాచిన ఎడమ చేతిని చూసి, తన రిటైర్మెంటు తలుచుకుని వెనక్కి పోయాడు. ఉపాధ్యక్షులు కారులో గురుకులానికే వచ్చారు. అప్పటికి వెంగమాంబ ఉద్యోగంలో చేరిపోయింది, ఉత్తర్వు చేతిలో ఉన్నవాళ్లని చేర్చుకోక తప్పదని ప్రిన్సిపాలమ్మ అంది. వెంగమాంబ ఆయనకూ అదే చెయ్యి చాచింది. ఆయన తీసుకుంటే ఎడమ చేత్తో ఇచ్చింది చెల్లినట్టే, అంటే అధ్యక్షులు ఇచ్చిందీ చెల్లినట్టే. ఆయన కారెక్కేశారు. అభ్యర్థిని బలవంతంగా చెయ్యి మార్చుకోమనే అధికారం పరిషత్తుకు ఉందా అని న్యాయసలహా అడిగారు. సలహా ఇంకా రాలేదు.

కోటమ్మ బడి ఆవరణలో ఇచ్చిన గదిలో కిటికీ పక్కన మంచం వేసుకుంది. దగ్గు పోలేదు గాని, రాత్రిళ్లు మధ్యమధ్య నిద్రకు చోటిస్తోంది.

కొన్నాళ్లకు విశ్వపతిరావు గారే తనిఖీకి వచ్చారు. కుడి చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. ఎండకు వాడిపోయి కుర్చీలో కూలబడ్డారు. ఎదురుగా పిల్లలు పొడుగాటి వెదురు కర్రలు పట్టుకుని వరసల్లో ఉన్నారు. కొందరికి ఎడమ చెయ్యి ముందు, కొందరికి కుడి చెయ్యి ముందు. ఎవరి వాటం వాళ్లది. పోట్లు మాత్రం తప్పటం లేదు.

"ఇదేమిటమ్మా?" అన్నారాయన.

"ముందు చెయ్యి దారి చూపిస్తదండీ. వెనక చెయ్యి పని చేస్తది" అంది వెంగమాంబ. తర్వాత, "ఎండన పడి వచ్చారు, టీ తీసుకోండి" అని గాజుగ్లాసు తెచ్చి, కుడి చేత్తో, ఎంతో మర్యాదగా అందించింది.

విశ్వపతిరావు గారు గ్లాసు వైపు చూశారు. కట్టులో ఉన్న కుడి చేతి వైపు చూశారు. ఎడమ చెయ్యి ఒడిలోంచి కొంచెం లేచింది. పిల్లలందరూ పొడవటం ఆపి ఆ చేతినే చూస్తున్నారు. చెయ్యి మళ్లీ ఒడిలోకి వెళ్లిపోయింది.

"దాహం లేదమ్మా" అన్నారు పెదాలు తడుపుకుంటూ.

కారు గేటు దాటేదాకా వెంగమాంబ గ్లాసు పట్టుకుని నిలబడింది. తర్వాత దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుని, చల్లారకముందే తాగేసింది.